థాయ్ పేపర్ చదివేస్తాను, కింద కొట్టు పెద్దమ్మ మాటే అందదు

థాయ్ నేర్చుకుంటున్నానని చెప్పగానే మనవాళ్లు అడిగేది టోన్ల గురించే. అయిదు టోన్లట కదా, ఒకే మాటని అయిదు రకాలుగా పలికితే అయిదు అర్థాలట కదా, ఎలా గుర్తుంటాయి నీకు అని. నిజం చెప్పాలంటే అడ్వాన్స్‌డ్ క్లాసులో టోన్ల గురించి టెన్షన్ పడేవాళ్లు ఎవరూ కనపడరు. అప్పటికి అవి నోటికి పట్టేసి ఉంటాయి, పట్టనివాళ్లు అక్కడిదాకా రారు. అసలు తంటా వేరే చోట ఉంది, అది తెలుగువాళ్లకి ఒక రకంగానూ మిగతావాళ్లకి ఇంకో రకంగానూ ఉంటుంది. దాని గురించే ఈ పోస్టు.

మా క్లాసులో జపాన్, కొరియా, చైనా, అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది బజార్లో బేరమాడతారు, టాక్సీ డ్రైవర్‌తో రాజకీయాలు మాట్లాడతారు, జోకులేస్తే నవ్వుతారు, కానీ పేపర్లో ఎడిటోరియల్ ఇస్తే మొహాలు వేలాడేస్తారు. నా పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. ఎడిటోరియల్ చకచకా చదివేస్తాను. మేమున్న అపార్ట్‌మెంట్ కింద కొట్టు నడిపే పెద్దమ్మ (థాయ్‌లో 'పా', అమ్మానాన్నల కంటే పెద్ద వయసు ఆడవాళ్లని అలాగే పిలుస్తారు) ఫోన్లో వాళ్ల చెల్లెలితో మాట్లాడుతుంటే మాత్రం సగమే అందుతుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. థాయ్‌లో చదువు, ప్రభుత్వం, మతం, సాహిత్యం, కోర్టు, ఇలా పెద్దపెద్ద విషయాలకి వాడే మాటలన్నీ దాదాపు సంస్కృతం, పాలీ నుంచి వచ్చినవే. యూనివర్సిటీ 'మహావిత్థయాలై', ప్రధానమంత్రి 'నాయొక్ రత్థమొంత్రీ' అంటే నాయక రాష్ట్రమంత్రి, ప్రజాస్వామ్యం 'ప్రఛాథిప్పతై', టెలిఫోన్ 'థోరసప్' అంటే దూరశబ్దం, టీవీ 'థోరథత్' అంటే మన దూరదర్శన్‌కి చుట్టమే. ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య పదాలకి థాయ్ మాటలు కావలసి వచ్చినప్పుడు ప్రిన్స్ వాన్ లాంటి పండితులు కూర్చుని సంస్కృత, పాలీ ధాతువులతో బోలెడు మాటలు తయారుచేశారు. మన పత్రికలవాళ్లు, పాఠ్యపుస్తకాలవాళ్లు తెలుగుకి చేసింది కూడా అదే కదా.

వినగానే పోల్చుకోలేం గానీ, ఒకసారి ధ్వనుల లెక్క పట్టుకుంటే మాత్రం తాళం తీసినట్టే. మన గ అక్కడ ఖ అవుతుంది, జ ఛ అవుతుంది, ద థ అవుతుంది, బ ఒత్తు ప అవుతుంది (నేను ఫ అని రాసిన చోటల్లా ఎఫ్ లాగా కాకుండా ఒత్తి పలకండి, బళ్లో నేర్పినట్టు). చివర ర, ల వస్తే న్ అయిపోతాయి. ఆహారం 'ఆహాన్', నగరం 'నఖొన్', గురువు 'ఖ్రూ'. ఇది తెలిశాక మ్యాప్ తీసి ఊళ్ల పేర్లు చదువుతుంటే భలే సరదా. ఛొన్‌బురీ జలపురి. ఛైయఫూమ్ జయభూమి. ఫిత్సనులోక్ విష్ణులోకం. నఖొన్ సవన్ స్వర్గ నగరం. ఉబొన్ రాత్ఛథానీలో ఉబొన్ అంటే ఉత్పలం, మన ఉత్పలమాలలో ఉన్న ఉత్పలమే. అయుత్థయా అయోధ్య అని అందరికీ తెలిసిందే.

లిపి సంగతి ఇంకా బాగుంటుంది. థాయ్ లిపి ఖ్మేర్ (కంబోడియా) లిపి నుంచి వచ్చింది, ఖ్మేర్ లిపి దక్షిణ భారతపు పల్లవ లిపి నుంచి. అందుకే అక్షరాల వరస మనదే: క ఖ గ ఘ ఙ. డిక్షనరీలో మాట వెతకడానికి హల్లుల వరస విడిగా నేర్చుకోనక్కర్లేదు. 44 హల్లులు ఉన్నాయి, అందులో రెండు ఇప్పుడు ఎవరూ వాడరు, అయినా పిల్లల చార్టులో మాత్రం బుద్ధిగా కూర్చుని ఉంటాయి. 'థ' అనే ఒక్క ధ్వనికి ఆరు అక్షరాలు. మా క్లాసువాళ్లందరూ ఎక్కడ ఏది రాయాలో బట్టీ పడతారు, థాయ్ పిల్లలూ పడతారు. మనకి అవి ఠ డ ఢ థ ద ధ లకి బదులు వచ్చినవని తెలిస్తే చాలు, విన్న మాట సంస్కృతంలో ఏమిటో గుర్తుపడితే స్పెల్లింగ్ దానంతటదే వస్తుంది. శ ష స మూడూ అక్కడ స అనే పలుకుతారు, కానీ రాసేటప్పుడు భాషకి ష, శిక్షకి శ ముందు, ష తర్వాత, అంతా పద్ధతిగా ఉంటుంది. డిక్టేషన్‌లో నాకు మార్కులు ఎందుకొస్తాయో మా పంతులమ్మకి మొదట్లో అర్థం కాలేదు. ఇంకోటి, మన అక్షరమాలలో పుట్టినప్పటి నుంచి ఖాళీగా కూర్చున్న ఙ కి అక్కడ చేతినిండా పనే: 'ఙాన్' అంటే పని, 'ఙూ' అంటే పాము.

అయితే ఈ చుట్టరికాన్ని మరీ నమ్ముకోకూడదు. మాటలు వలస వెళ్లినచోట వాటి బతుకు అవి బతికాయి. 'ఫయాయామ్' మన వ్యాయామమే, కానీ అక్కడ ప్రయత్నించడం. 'సొంగ్సాన్' సంసారమే, కానీ అక్కడ జాలిపడటం (ఎవరికి ఏది గుర్తొస్తే అది అనుకోండి). 'ప్రాత్థనా' ప్రార్థన కాదు, కోరిక. 'వాత్సనా' పూర్వపుణ్యం వల్ల కలిగే అదృష్టం. 'ప్రథేత్' ప్రదేశం కాదు, ఏకంగా దేశం. 'ప్రమాత్' అంటే యాక్సిడెంట్ కాదు, అజాగ్రత్త. ఈ విషయంలో వాళ్లే సంస్కృతానికి దగ్గరగా ఉన్నారు, మనమే దూరం జరిగాం. ఇలాంటివి పేజీకి రెండో మూడో తగులుతాయి, వాక్యం మొత్తం అర్థమైందనుకుని ధీమాగా ముందుకి వెళ్లిపోతే పేరా చివరికి కథ ఎక్కడికో పోతుంది. మా అమెరికన్ క్లాస్‌మేట్‌కి ఈ బాధ లేదు, తనకి తెలియని మాట తెలియనట్టే కనిపిస్తుంది. నాకు తెలియనిది తెలిసినట్టు కనిపిస్తుంది.

ఇంక వీధిలోకి వద్దాం. ఇంట్లో, వంటలో, తిట్లలో, ముద్దుమాటల్లో సంస్కృతం ఉండదు. అక్కడంతా అచ్చ థాయ్, చిన్నచిన్న ఏకాక్షర మాటలు, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వస్తాయి. మనది అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగిస్తేగానీ మన నోటికి తృప్తి ఉండదు. థాయ్‌లో మాట చివర క్, త్, ప్ వస్తే నోట్లోనే తొక్కిపట్టేస్తారు, బయటికి వదలరు. మనం అలవాటు కొద్దీ చివర చిన్న ఉ తగిలిస్తాం, వాళ్లకి అది ఇంకో అక్షరంలా వినపడుతుంది. పైగా బ్యాంకాక్ మాటల్లో ర అన్నచోట ల పలుకుతారు, జంటహల్లులో అయితే ర, ల రెండూ మింగేస్తారు, 'ఖ్రప్' (మగవాళ్లు మర్యాదకి వాక్యం చివర తగిలించే మాట) కాస్తా 'ఖప్' అవుతుంది, చేప 'ప్లా' కాస్తా 'పా' అవుతుంది. టీవీలో వార్తలు చదివేవాళ్లు ర ని చక్కగా నాలుక ఆడించి పలుకుతారు. నేను ఆ వార్తల థాయ్ విని నేర్చుకున్నదాన్ని, కాబట్టి నాకు టీవీ యాంకర్ స్పష్టంగా అర్థమవుతుంది, లిఫ్ట్‌లో పక్కింటి కుర్రాడు కాదు.

మనకి కలిసొచ్చే సంగతి కూడా ఇక్కడే ఒకటుంది. వాక్యం చివర తగిలించే చిన్న మాటలు. 'నా', 'సి', 'లా', 'రోక్', 'థో' అంటూ ఓ గంపెడు ఉంటాయి, ఏ పుస్తకమూ వాటిని సరిగ్గా వివరించలేదు. ఇంగ్లీషువాళ్లు వీటితో నానా తిప్పలు పడతారు. తెలుగువాళ్లకి అలాంటివి బోలెడు ఉన్నాయి కదా: కదా, లే, గా, మరి, అండీ, ఏంటి. 'మై పెన్ రై' అంటే పర్లేదు, 'మై పెన్ రై రోక్' అంటే పర్లేదులే. అంతే, ఇంక వివరణ అక్కర్లేదు. పుస్తకాలూ గిస్తకాలూ అని మనం అన్నట్టే వాళ్లు 'నంగ్స్యూ నంగ్‌హా' అంటారు, పుస్తకాలూ గిస్తకాలూ ముట్టడం లేదు అని పిల్లల్ని తిట్టే అమ్మ రెండు భాషల్లోనూ ఒకే అమ్మలా వినిపిస్తుంది. అన్నం నీళ్లు అని మనమంటే 'అన్నం తిన్నావా చేప తిన్నావా' అనే జంట వాళ్లది. ఇలాంటి జంటమాటలు ఎక్కడ పడితే అక్కడ వాడటం మొదలెట్టాక, నా థాయ్ వార్తల్లో థాయ్‌లా వినిపించడం కాస్త తగ్గిందని మా టీచర్ అన్నారు.

బంధుత్వాలు కూడా మనకి తేలికే. 'ఫీ' అంటే అన్న లేక అక్క, 'నోంగ్' అంటే తమ్ముడు లేక చెల్లి, ఎవరినైనా అలా పిలవచ్చు, కొట్టువాణ్ణి, వెయిట్రెస్‌ని, ఆఫీసులో సీనియర్‌ని. అమ్మమ్మ నానమ్మలకి వేరు వేరు మాటలు, పిన్నికి వేరు, బాబాయికి వేరు. ఇంగ్లీషువాళ్లకి అంకుల్ ఒక్కటే. అయితే ఆడవాళ్లకి 'నేను' అనడం దగ్గర మాత్రం తిప్పలు ఉన్నాయి. మగవాళ్లు 'ఫొమ్' అంటే సరిపోతుంది, ఎక్కడైనా చెల్లుతుంది. మనకి 'డిఛన్' అంటే స్టేజీ మీద ప్రసంగంలా ఉంటుంది, 'ఛన్' అంటే కొన్నిచోట్ల దురుసు, పెద్దవాళ్ల దగ్గర 'నూ' (ఎలుక అని అర్థం, ముద్దుగా) అనాలి, ఈడువాళ్లతో 'రావ్', లేదంటే మన పేరుతోనే మనల్ని చెప్పుకోవడం. ఒకే రోజులో మూడు నాలుగు 'నేను'లు మార్చుకుంటూ తిరగాలి. ఏది ఎక్కడ అన్నది క్లాసులో నేర్పరు, పక్కనున్న అమ్మాయి ఏమంటోందో చూసి అనడమే.

తినడం అన్న పనికే ఎన్ని మాటలో చూడండి. స్నేహితులతో 'కిన్', మర్యాదగా 'థాన్', హోటల్ బోర్డు మీద 'రప్‌ప్రథాన్', భిక్షువు తింటే 'ఛన్', రాజు తింటే 'సవోయ్'. చనిపోవడం కూడా అంతే, మామూలు మనిషికి ఒకటి, మంత్రికి ఒకటి, భిక్షువుకి 'మొరనఫాప్' అంటే మరణభావం, రాజుకి 'సవన్‌ఖొత్', స్వర్గతులు. 2016 అక్టోబర్ 13న రాజు భూమిబల్ పోయినప్పటి వార్తల రికార్డింగులు మాకు క్లాసులో వినిపించారు, రాజభాష పాఠం కోసం. ఈ రాజభాషని 'రాత్ఛసప్' అంటారు, రాజశబ్దం. ఖ్మేర్, సంస్కృతం కలిపిన భాష అది, రాజకుటుంబం చెయ్యి, కాలు, నిద్ర, నడక, అన్నిటికీ వేరే మాటలు. థాయ్‌వాళ్లకే చాలామందికి పూర్తిగా రాదు. మనకి కన్నుమూశారు, పరమపదించారు, శివైక్యం చెందారు అన్న తేడాలు పుట్టుకతో తెలుసు కాబట్టి ఇది వింతగా అనిపించదు, మాటలు గుర్తుపెట్టుకోవాల్సిందే తప్ప.

పేపర్లో కుక్క శునకం ('సునక్'), పంది సూకరం ('సుకోన్'), ఇంట్లో మాత్రం 'మా', 'మూ'. పంది మాంసం ధర పెరిగిందన్న వార్త చదివి బజారుకెళ్లి సుకోన్ ఇవ్వమంటే మనల్ని పురాణంలోంచి లేచొచ్చిన మనిషిని చూసినట్టు చూస్తారు. హెడ్డింగుల్లో ఇంకో తలనొప్పి పొట్టిపేర్లు. కేబినెట్‌కి మూడు అక్షరాలు, బ్యాంకాక్‌కి మూడు, రాజ్యాంగానికి మూడు, ఇవి తెలియకపోతే ఎంత సంస్కృతం వచ్చినా హెడ్డింగు అర్థం కాదు.

సంస్కృతిలో నాకు బాగా నచ్చింది వాయ్ ఖ్రూ, గురువందనం. కొత్త విద్యాసంవత్సరం మొదట్లో, ఎక్కువగా జూన్‌లో, అన్ని బడుల్లోనూ చేస్తారు. గురువారమే చేస్తారు, బృహస్పతి దేవతలకి గురువు కాబట్టి. పళ్లెంలో పెట్టే వాటిలో మూడు ముఖ్యం: గరిక, నూరువరహాల పూలు, వంకాయ జాతి మొక్క పూలు. గరిక ఎంత తొక్కినా చిగురిస్తుంది కాబట్టి పట్టుదల, నూరువరహాల మొగ్గ సూదిలా ఉంటుంది కాబట్టి చురుకైన బుద్ధి, వంకాయ పువ్వు తల వంచుకుని ఉంటుంది కాబట్టి వినయం. గరిక సంగతి మా టీచర్ వివరిస్తుంటే వినాయకుడికి మేమూ అదే పెడతామని చెప్పాను, ఆవిడకి నచ్చింది, కానీ తర్వాత పాఠమంతా నన్ను హిందూమతం మీద ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు, నాకు వచ్చిన జవాబులు తక్కువ.

రామకియెన్ (థాయ్ రామాయణం) దగ్గర మాత్రం మనవాళ్లు కొంచెం గుండె దిటవు చేసుకోవాలి. ఇప్పుడు ప్రామాణికంగా చదివేది మొదటి రామ అనే థాయ్ రాజు రాయించినది, 1797లో పూర్తయింది. కథ మనదే, మనుషులు మాత్రం వాళ్లవాళ్లు. సీత థొత్సకన్ (దశకంఠుడు) కూతురు. హనుమంతుడు బ్రహ్మచారి కాడు, పెద్ద రసికుడు. విభీషణుడి కూతురు బెన్యకాయ్‌తో ఒక కథ, వంతెన కట్టేటప్పుడు రాళ్లు లాగేస్తున్న రావణుడి కూతురు, చేపకన్య సుఫన్నమత్ఛాతో ఇంకో కథ, వాళ్లకి పుట్టినవాడు మత్ఛాను. హనుమాన్ చాలీసా చదువుకునే మనిషికి ఇది మొదట్లో మింగుడు పడదు. బ్యాంకాక్‌లో వాత్ ఫ్రా కేవ్ అనే బుద్ధుడి గుడి గోడల మీద ఈ కథంతా 178 ఘట్టాలుగా గీసి ఉంది. చాలామంది బంగారు స్తూపం ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు, మీరు వెళితే ఆ వరండా మొత్తం ఒక చుట్టు తిరగండి, వంతెన దగ్గర ఆగండి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు గడుపుతున్నది ఛందస్సు దగ్గర. దీనికోసమే అడ్వాన్స్‌డ్‌కి వెళ్లానేమో అనిపిస్తోంది. థాయ్‌లో పద్యాలు అయిదు జాతులు: ఖ్లోంగ్, ఛన్, కాప్, క్లోన్, రాయ్. ఇందులో ఛన్ అంటే ఛందస్సే, మన గురువు లఘువు లెక్కే. వాళ్లు ఖరు, లహు అంటారు. దీర్ఘం ఉన్నా, హల్లుతో మూసినా గురువు, లేకపోతే లఘువు. 11 అక్షరాల ఇంద్రవజ్ర 'ఇన్‌థరవిఛియన్', 14 అక్షరాల వసంతతిలక 'వసన్తదిలొక్', 19 అక్షరాలది మన శార్దూలమే, శార్దూలవిక్రీడితం, వాళ్ల నోట్లో 'సత్థున్లవిక్కీలిత్'. దాన్ని వాళ్లు 12, 5, 2 గా విరిచి రాస్తారు. పన్నెండు దగ్గర విరవడం చూడగానే నాకు పదమూడో అక్షరం యతి గుర్తొచ్చింది. వాళ్లకి యతిమైత్రి లేదు, దాని బదులు పాదంలోంచి పాదానికి అంత్యప్రాసలు ముడేస్తారు, అది సంస్కృతంలో లేనిది, పూర్తిగా వాళ్ల రుచి. లఘువులు వరసగా పడాల్సిన చోట థాయ్ మాటలు దొరకవు, ఎందుకంటే అచ్చ థాయ్ మాటల్లో గురువులే ఎక్కువ, కాబట్టి కవి సంస్కృతం మీద పడతాడు. మన పద్యకవి వృత్తంలో ఇరుక్కుని సంస్కృత సమాసం లాగినట్టే.

ఖ్లోంగ్ మాత్రం మనకి పూర్తిగా కొత్త. అక్కడ గురులఘువులు కాదు, టోన్ గుర్తులు లెక్క. ఖ్లోంగ్ సీ సుఫాప్ అనే పద్యంలో ఏడు చోట్ల మొదటి టోన్ గుర్తు, నాలుగు చోట్ల రెండో టోన్ గుర్తు ఉండి తీరాలి, అవి కూడా కేటాయించిన స్థానాల్లోనే. కుదరకపోతే కవి స్పెల్లింగ్ మార్చి, అదే పలుకు వేరే గుర్తుతో వచ్చేలా చేసుకోవచ్చు, దానికి పేరు కూడా ఉంది, దాన్ని దోషం అంటూనే ఒప్పుకుంటారు. ఇక్కడ నేనూ, జపాన్ అబ్బాయీ, కొరియా అమ్మాయీ అందరం ఒకే బల్ల మీద గుడ్లప్పగించి కూర్చుంటాం. క్లోన్ అన్నింటికంటే తేలిక, చెవికి ఇంపు, దానికి పెద్దదిక్కు సున్‌థోన్ ఫూ (1786–1855), జూన్ 26న ఆయన పుట్టినరోజు బళ్లలో పండగలా చేస్తారు, ఆయన పంక్తులు ముసలివాళ్లు ఇప్పటికీ అప్పజెబుతారు, మనకి వేమన పద్యాల్లా.

పరీక్షల గురించి అడిగేవాళ్ల కోసం: చులాలాంగ్‌కోర్న్ యూనివర్సిటీ వాళ్ల సీయూ-టీఎఫ్ఎల్ ఉంది, వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం విడివిడిగా చూస్తారు, అడ్వాన్స్‌డ్ పైన సుపీరియర్, దాని పైన డిస్టింగ్విష్డ్. తెలుగువాళ్లకి చదవడం, రాయడం ముందు వచ్చేస్తాయి, వినడం దగ్గర మార్కులు పోతాయి. ఎంతకాలం పడుతుందంటారా, అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి థాయ్ నేర్పడానికి 44 వారాలు, 1100 క్లాసు గంటలు వేసుకుంటుంది. అదే వర్గంలో తెలుగు కూడా ఉంది. అదీ పని చెయ్యగలిగే స్థాయికి మాత్రమే, పద్యాలకి కాదు.

మొదలుపెట్టే తెలుగువాళ్లకి నేను చెప్పేది ఒకటే, పేపర్ని కాసేపు పక్కన పెట్టండి, అది ఎలాగూ వస్తుంది. కామెడీ షోలు చూడండి, వంట వీడియోలు చూడండి, మాట చివర త్ ని ప్ ని మింగడం నేర్చుకోండి. మాటల్లో ముందు వెనకల అక్షరాలు తారుమారు చేసి బూతు పుట్టించే ఆట ఒకటుంది, 'ఖమ్ ఫువన్' అంటారు, అది విని అందరితో పాటు అదే క్షణంలో నవ్వగలిగితే మీకు థాయ్ వచ్చినట్టే. నాకింకా రెండు క్షణాలు ఆలస్యంగా వెలుగుతుంది. ఇక కింద కొట్టు పెద్దమ్మ విషయానికొస్తే, ఆవిడ చెల్లెలితో మాట్లాడేది అసలు బ్యాంకాక్ థాయ్ కాదని, ఈశాన్ (థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం) మాట అని, లావో భాషకి దగ్గరదని మొన్ననే తెలిసింది. దానికి టోన్లు వేరే ఉన్నాయట. వచ్చే టర్మ్‌లో ఈశాన్ క్లాసు ఉందేమో కనుక్కోవాలి.